పలకమీది బొమ్మ

మా పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిండని విద్యార్థి సంపాదకులు కోరిరి. తెలుగు పండితుడు గావున పద్యమును గూర్చియో, పండుగను గూర్చియో వ్రాయునని వారు తలచియుందురు. ఈ యేడు మేమట్లు వ్రాయదలచలేదు. మేము చేసిన యొక తప్పును గూర్చి వ్రాయదలచితిమి. అది వ్యాకరణ దోషము కాదు. వ్యాకరణ దోషమైనచో ఎర్రసిరాతో దిద్దుకొని ఊరకుందుము. అది ఒక పలకను తుడిచిన తప్పు.

ఇప్పటికి ఇరువది యేండ్లు దాటినది. మేము పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని వచ్చి, పర్లాకిమిడి ప్రాంతమున ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో చేరిన తొలి సంవత్సరమది. నౌపడ నుండి గుణుపురము పోవు చిన్నరైలు ఇంకను నడుచుచుండిన దినములు. మా బడికి గది ఒక్కటే. అందు ఒకటవ తరగతి ఒక మూల, రెండవ తరగతి మరియొక మూల కూర్చుండెడివి. శిక్షణలో మాకు శిశు మనస్తత్త్వ శాస్త్రము బోధించియుండిరి. పిల్లలు వ్రాయు బొమ్మలలో గల దశలను గూర్చి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చినది. మేము నాలుగు పుటలు వ్రాసితిమి. మంచి మార్కులే వచ్చినవి. ఆ నాలుగు పుటలతో మాకిక పని లేదనుకొంటిమి.

ఒకటవ తరగతిలో ఆరేండ్ల బాలిక యొకతె యుండెను. కుమ్మరుల యింటి బిడ్డ. బడిలో చేరి మూడు వారములైనను నోరు విప్పలేదు. ఒకనాడు "అ" దిద్దుమని ఆమె పలకపై వ్రాసి యిచ్చి, మేము రెండవ తరగతివారికి లెక్కలు చెప్పుటకు పోయితిమి. తిరిగి వచ్చి చూడగా పలకపై "అ" లేదు. దాని స్థానమున గుట్టవంటి గీత యొకటి, ఆ గుట్టలోపల లెక్కకు మిక్కిలిగా సున్నలు, అడుగున పుల్లలవంటి అడ్డదిడ్డపు గీతలు కనబడెను. "ఇవేమి పిచ్చిగీతలు?" అని తడిగుడ్డతో పలకను తుడిచి, మరల "అ" వ్రాసి ఆమె చేతికిచ్చితిమి. ఆమె ఏడువలేదు. పలక పుచ్చుకొని, మేము వ్రాసిన "అ" మీద బలపము త్రిప్పుచు కూర్చుండెను. బుద్ధి వచ్చినదనుకొంటిమి.

నాలుగు దినముల తరువాత ఆమె బడికి రాలేదు. వారము గడచినను రాలేదు. జ్వరమేమో యని ఒక శనివారము సాయంకాలము కుమ్మరి వీధికి పోయితిమి. తల్లి మన్ను తొక్కుచుండెను. మమ్ము చూచి కొంగు సవరించుకొని యిట్లనెను.

"బాబూ, గుంట బడికెల్లనంటాది. పలకమీద ఆమేసిందట, మీరు తుడిసేసినారట. ఆ మాటే సెప్తాది, మరేటీ సెప్పదు."

ఆమె మాట మాకు మొదట బోధపడలేదు. "ఆమె వేసినది" అనుచున్నదని వింటిమి. ఎవ్వరామె యని యడిగితిమి. తల్లి నవ్వి, చేయి చాచి పెరటివైపు చూపెను. అచ్చట ఆము కాలుచుండెను.

ఆవము అను పదము మాకు తెలియని పదము కాదు. కుండలు కాల్చు చోటు అని పిల్లలకు అర్థము చెప్పగలము; పర్యాయపదములును చెప్పగలము. కాని ఆ సాయంకాలము వరకు ఆవమును కన్నులతో చూచియుండలేదు. నేలమీద కట్టెలు, పిడకలు పరచి, వానిపై పచ్చికుండలను ఒకదానిపై నొకటి బోర్లించి పేర్చి, పైన గడ్డి కప్పి, ఆ గడ్డిమీద బురద మెత్తియుండిరి. నిప్పు అడుగున నుండెను. పైన అక్కడక్కడ పొగ వెడలుచుండెను. వెలుపల నిలిచి చూచువానికి అది ఒక మట్టిగుట్ట. లోపలి కుండ ఒక్కటియు కనబడదు. ఆ బిడ్డ మాత్రము గుట్టను వ్రాసెను, లోపలి కుండలను వ్రాసెను, అడుగు కట్టెలను వ్రాసెను. తన కన్నులకు కనబడినది గాక, తనకు తెలిసినది వ్రాసెను. ఆ వయసు పిల్లలు ఇంటిగోడను, ఇంటిలోని మనుష్యులను ఒక్కమారే చూపుదురనియు, గోడ వారికి అడ్డము కాదనియు మేమే పరీక్షలో వ్రాసియుంటిమి గదా!

ఆ తల్లి మమ్ము నిందింపలేదు. పైగా, "బొమ్మలేసుకుంటే సదువెప్పుడొస్తాది బాబూ? తుడిసింది మంచిదే" అనెను. నిందించినచో మా మనస్సు కొంత తేలికపడెడిది. ఆ మాట మాత్రము నేటికిని ముల్లువలె నున్నది.

సోమవారము తల్లి బిడ్డను చేయిపట్టుకొని తెచ్చి బడిలో దింపెను. మేము ఒక కాగితము, ఒక బొగ్గుముక్క ఆమెకిచ్చి, "నీ ఆము వ్రాసి చూపు" మంటిమి. ఆమె కాగితముపై "అ" వ్రాసి మాకిచ్చెను. మరునాడును అంతే. మూడు వారములు ప్రతిదినము కాగితమిచ్చితిమి. ప్రతిదినము "అ" వచ్చినది. మాకు కావలసినది అదియే యని ఆమె ఒక్క తుడుపుతో నేర్చుకొనెను. మనము నోటితో చెప్పినది పిల్లలు ఆలస్యముగా నేర్తురేమో కాని, చేతితో చూపినది తక్షణమే నేర్తురు.

మాకు బొమ్మలు వ్రాయుట రాదు. అయినను వేరు దారి తోపక, ఒకనాడు నల్లబల్లపై మేమే ఆవమును వ్రాసితిమి. గుట్ట వ్రాసి, కుండలు వ్రాసి, గుట్ట నెత్తిమీద పెద్ద మంట వ్రాసితిమి. పిల్లలు నవ్విరి. ఆ బాలిక మాత్రము నవ్వలేదు. లేచి వచ్చి, మునివ్రేళ్లపై నిలిచి, మేము వ్రాసిన మంటను అరచేతితో తుడిచివేసెను. సుద్దముక్క తీసికొని గుట్ట అడుగున మంట వ్రాసెను. మావైపు తిరిగి, "మంట కిందుంటాది, మాస్టారూ" అనెను. మా బడిలో ఆమె పలికిన మొదటి వాక్యమది.

ఆనాటి పాఠము ఆవముమీదనే సాగినది. ఆము, సారె, మన్ను, పొగ, బూడిద, కుండ అను మాటలు బల్లపైకి వచ్చినవి. పాఠ్యపుస్తకములో "అ" మొదట వచ్చును. ఆమెకు మాత్రము "ఆ" మొదట వచ్చినది. దానివలన ఏ నష్టమును కలుగలేదు. సంవత్సరాంతమునకు ఆమె అందరివలెనే చదివెను.

ఈ సంగతి జరిగిన పిదప మేము శిక్షణ నాటి పుస్తకములను మరల తీసి చదివితిమి. వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ అను చిత్రకారుడు 1897లో పిల్లల కొరకు ప్రత్యేకముగా ఒక చిత్రకళా తరగతి ప్రారంభించెను. పెద్దల బొమ్మలను చూచి నకలు వ్రాయించుట మాని, పిల్లలను తమ బొమ్మలు తామే వ్రాయనిచ్చెను. పిల్లవాని బొమ్మ పెద్దవాని బొమ్మకు చెడ్డ నకలు కాదనియు, దానికొక స్వంత ధర్మము కలదనియు అతని పిదప పలువురు గుర్తించిరి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రకటించిన గ్రంథమున ఆ ధర్మమును వయసుల వారీగ వివరించెను. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వరకు బిడ్డ ఉత్త గీతలు గీయును. నాలుగు మొదలు ఏడు వరకు గుండ్రని తల, తలనుండియే వెడలిన కాళ్లు గల మనిషిని వ్రాయును. ఏడు మొదలు తొమ్మిది వరకు కాగితము అడుగున ఒక నేలగీత గీసి, చెట్టును, ఇంటిని, మనిషిని దానిపై నిలుపును. తనకు ముఖ్యమైనది పెద్దదిగా వ్రాయును. అమ్మ ఇంటికంటె ఎత్తుగా నుండును. తొమ్మిది దాటిన పిదప "నా బొమ్మ సరిగా లేదు" అను సిగ్గు పుట్టును. ఆ సిగ్గు పుట్టు వేళకు చేతికి ధైర్యము లేనిచో ఆ పిల్లవాడు జన్మములో మరల బొమ్మ వ్రాయడు. మేము అట్టివారిలో నొకరము. కావున ఈ విద్యకు కాలము ప్రాథమిక పాఠశాల కాలమే. ఉన్నత పాఠశాలకు వచ్చిన తరువాత చూతమనుకొనుట, నాట్ల కాలము దాటిన పిదప నారు పోయుటవంటిది.

భాషోపాధ్యాయులమగుటచే మాకింకొక విషయము తోచినది. మన తెలుగున "వ్రాయు" అను క్రియ అక్షరమునకును, బొమ్మకును ఒక్కటియే. కావ్యములలోని నాయికలు చిత్తరువులు వ్రాయుదురు, లేఖలును వ్రాయుదురు. "చిత్రలేఖనము" అను మాటలోనే లేఖనము కలదు. ఈ రెంటిని విడదీసి, ఒకటి చదువు, రెండవది ఆట యని పేర్లు పెట్టినది మన బడియే గాని మన భాష కాదు. గాంధీ మహాత్ముడు తన ఆత్మకథలో, తన చేతివ్రాత బాగుండకపోవుటకు సిగ్గుపడి, బిడ్డలకు అక్షరములు వ్రాయించుటకు ముందు బొమ్మలు వ్రాయుట నేర్పవలెనని చెప్పియున్నాడు. పువ్వును, పక్షిని చూచి గుర్తించినట్లే అక్షరమును చూచి గుర్తించి, వస్తువులను వ్రాయగలిగిన పిదపనే అక్షరమును వ్రాయవలెనని ఆయన తలంపు. మన తెలుగు లిపి విషయమున ఈ మాట మరింత నిజము. మన అక్షరములలో నిలువుగీతలు తక్కువ, వంపులు ఎక్కువ. సున్న చుట్టుటకు, మెలిక త్రిప్పుటకు వ్రేళ్లు లొంగిన బిడ్డకు "అ" కష్టము కాదు, "ఠ" కష్టము కాదు. కుండలను సున్నలుగా పలకనిండ చుట్టిన ఆ బాలిక, మేము నేర్పదలచిన అక్షరమునకే చేయి సాధకము చేసికొనుచుండెను. మేము తుడిచినది బొమ్మను మాత్రమే కాదు, వ్రాతను గూడ.

విశ్వకవి రవీంద్రుని జీవితమునందొక వింత కలదు. ఆయన తన వ్రాతప్రతులలో కొట్టివేసిన మాటలను అట్లే విడువక, ఆ గీతలను కలిపి పక్షులుగను, మృగములుగను మార్చుచుండెడివాడు. ఆ కొట్టివేతలనుండియే ఆయన చిత్రకళ పుట్టినది. 1930లో పారిస్ నగరమున ఆయన చిత్రముల తొలి ప్రదర్శన జరిగినపుడు ఆయనకు డెబ్బదియేండ్లు కావచ్చినది. తప్పును కొట్టివేయుట ఒక విధము. తప్పునుండి పక్షిని లేపుట మరియొక విధము. మా ఎర్రసిరా ఇన్నియేండ్లలో ఒక్క పక్షినైనను లేపలేదు.

బొమ్మలకును గణితమునకును సంబంధము లేదని మా సహోపాధ్యాయులొకరు వాదించిరి. వారికి మేము సంక్రాంతి ముగ్గును చూపితిమి. అయిదు చుక్కల ముగ్గు పెట్టు బాలిక నడుమ వరుసలో 5, దానికి పైని, క్రింద 3 చొప్పున, ఆపైన 1 చొప్పున పెట్టును. మొత్తము 13 చుక్కలు. ఏడు చుక్కల ముగ్గునకు 25. తొమ్మిదింటికి 41. అయిదునుండి ఏడునకు పోవునపుడు 12 చుక్కలు పెరిగినవి. ఏడునుండి తొమ్మిదికి పోవునపుడు 16 పెరిగినవి. పదునొకండు చుక్కలకు ఎన్ని యగునని మూడవ తరగతి పిల్లలను అడిగిచూడుడు. నేలపై ముగ్గు పెట్టి లెక్కించి 61 అని చెప్పినవారు కొందరు, పెట్టకయే 41కి 20 కలిపి చెప్పినవారు కొందరు ఉందురు. లెక్కలు రావని మూల కూర్చుండబెట్టిన బాలికలే మొదట చెప్పుట మేము చూచితిమి. చుక్క తప్పకుండ, గీత తెగకుండ, ఎడమకును కుడికిని సమముగ తీర్చు చేతికి గణితము రాదనుట ఎట్లు? గణితము రానిది ఆ చేతికి కాదు, దానిని చూడని మన కంటికి.

మావంటి చోట్ల ఈ విద్యకు గల అవసరము ఇంకను పెద్దది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు పర్లాకిమిడి పట్టణము అందు చేరినది. నాటినుండి మన పిల్లలు ఇంట తెలుగును, అంగడిలోను కచేరీలోను ఒడియాను, పుస్తకమున ఇంగ్లీషును నేర్చుకొనుచున్నారు. మూడు భాషలు, మూడు లిపులు. ఆరేండ్ల బిడ్డకు ఇది బరువే. అదియును గాక, ఇంటి తెలుగు వేరు, పుస్తకపు తెలుగు వేరు. పుస్తకములో వాగు అని యుండును. మన పిల్లలకు అది గెడ్డ. పుస్తకములో తూము అని యుండును, వారికది మదుము. పుస్తకపు మాట తెలియని బిడ్డ తనకు మాటయే తెలియదనుకొని నోరు మూసికొనును. అట్టి బిడ్డను గెడ్డ వ్రాసి చూపుమన్నచో చూపును. చూపిన పిదప పేరు చెప్పును. పేరు చెప్పిన పిదప "పుస్తకములో దీనిని వాగు అందురు" అని మనము రెండవ మాట జోడింపవచ్చును. మొదటి మాటను తుడిచి రెండవది వ్రాయనక్కరలేదు. తెలుగు చదువు తగ్గిపోవుచున్నదని మనము సభలలో చింతించుచుందుము. పిల్లలు తెలుగును విడుచుటకు ముందు, మనము వారి తెలుగును ఎన్ని పలకలమీద తుడిచితిమో లెక్క చూచుకొనవలెను.

ఈ మాట మాకంటె ముందు, మాకంటె గట్టిగా చెప్పిన మహనీయుడు ఈ పర్లాకిమిడిలోనే యుండెను. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఇచ్చట ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పింపబూనిరి. బిడ్డ యింటి మాటనుండియే చదువు మొదలు కావలెనని వారి పట్టుదల. మేము వ్రాయుచున్న ఈ గ్రాంథికపు పోకడను చూచినచో వారు నవ్వియుందురు; ఆ నవ్వునకు మేము తలయొగ్గుదుము.

ఆ సవరల యిండ్లలోనే మనకొక గొప్ప చిత్రశాల కలదు. గజపతి, రాయగడ జిల్లాల కొండపల్లెలలో ఎర్రమన్ను పూసిన గోడపై బియ్యపుపిండితో తెల్లని బొమ్మలు వ్రాయుదురు. వానిని ఇడితాల్ అందురు. ఆ పేరులోని "ఇడ్" అనుదానికి వ్రాయుట యని అర్థము చెప్పుదురు. వారికిని వ్రాత, బొమ్మ ఒక్కటియే యన్నమాట. పితృదేవతల తృప్తికి, రోగశాంతికి, పంట మేలునకు ఆ బొమ్మలు వ్రాయుట ఆచారము. సూర్యచంద్రులు, చెట్లు, గుఱ్ఱములు, ఏనుగులు, వరుసకట్టి నాట్యమాడు మనుష్యులు అందు కనబడుదురు. వెరియర్ ఎల్విన్ 1951లో ప్రకటించిన గ్రంథమున ఈ చిత్రములను గూర్చి విపులముగా వ్రాసినాడు. నేడు ఆ బొమ్మలు చీరలపైకిని, నగరపు గోడలపైకిని ఎక్కినవి. మా తరగతిలో కూర్చుండు సవర బాలుడు మాత్రము, తన తాతగోడమీది గుఱ్ఱమును వదలి, అచ్చుపుస్తకపు గుఱ్ఱమునకు రంగు నింపుచుండును. పర్లాకిమిడి కొమ్ముపనివారు ఎద్దుకొమ్ముతో కొంగను మలతురు. ఇట్టివి కూతవేటు దూరమున నుండగా, మన పిల్లలకు చిత్రకళ యన్నచో దూరపు వస్తువనిపించుట మన బోధనలోని లోపమే.

ప్రభుత్వ పత్రములలో ఈ విద్యకు చోటు లేకపోలేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము కళలను పాఠశాల విద్యలో అన్ని స్థాయిలలోను భాగముగా నుంచవలెనన్నది. 2020 జాతీయ విద్యావిధానము కళలను ఇతర పాఠములతో మేళవించి బోధింపుమన్నది. కాని 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు అనుబంధమును చదివి చూడుడు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు నూరుగురికి మించి పిల్లలున్న బడికి కళావిద్య బోధించు పార్ట్‌టైము శిక్షకుడు ఉండవలెనని అందు కలదు. ఒకటి మొదలు అయిదు వరకు గల తరగతుల కట్టి శిక్షకుని మాట లేదు. ఏ వయసున బిడ్డచేయి జంకులేక కదలునో ఆ వయసునకు గురువు లేడు. సిగ్గు పుట్టిన పిదప గురువు వచ్చును. కాబట్టి ప్రాథమిక పాఠశాలలో చిత్రకళా గురువు మరెవ్వరును కారు. "అ ఆ" లు నేర్పు ఉపాధ్యాయుడే.

"మాకు బొమ్మలు వ్రాయుట రాదే" అని వారందురు. రాకపోవుటే మేలని మా అనుభవము. మాకు వచ్చియుండినచో మంటను సరిగానే వ్రాసియుందుము. ఆ బాలిక లేచి వచ్చియుండదు. ఉపాధ్యాయునకు కావలసినది చేతి నేర్పు కాదు, కంటి ఓర్పు. "సొమ్ములు లేవే" అని మరికొందరందురు. బొగ్గు, సుద్ద, పసుపు, గేరు, ఇటుకపొడి, గోరింటాకు రసము ఏ పల్లెలో లేవు? ఒకప్రక్క వ్రాసి పారవేసిన పరీక్ష కాగితముల రెండవప్రక్క ఎచ్చట దొరకదు? "సమయము లేదే" అని ఇంకను కొందరందురు. వారమునకొక గంట చాలును. ఆ గంటను లెక్కల పాఠమునకు అప్పు ఇయ్యకుండిన చాలును.

మేము అనుసరించు పద్ధతి కొద్దిపాటిది. బల్లపై మాదిరిబొమ్మ వ్రాసి నకలు చేయుమనము. "ఇదేమిటి?" అని యడుగము, "దీని సంగతి చెప్పు" మందుము. మొదటిది నేరవిచారణ, రెండవది సంభాషణ. పిల్లవాడు చెప్పిన ఒక్క వాక్యమును ఆ బొమ్మ క్రింద వాని మాటలలోనే వ్రాసి, తేదీ వేసి దాచుదుము. సంవత్సరాంతమున ఆ కాగితములను వరుసగా పరచినచో, ఏ ప్రగతి పత్రమును చెప్పని ప్రగతి కనబడును. బహుమానములు ఇయ్యము. ఒకనికి బహుమానము వచ్చినచో మరునాడు అందరును వాని బొమ్మనే వ్రాయుదురు.

మాదిరిబొమ్మ వలన కలుగు కీడును ఒక ఉదాహరణతో చెప్పుదుము. ఏ బడికైనను పోయి "మీకు నచ్చిన బొమ్మ వ్రాయుడు" అని చూడుడు. రెండు త్రికోణపు కొండలు, నడుమ ఉదయించు సూర్యుడు, కొండలనుండి జారు ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. ముప్పదిమందిలో ఇరువదిమంది ఇదే వ్రాయుదురు. మా పిల్లలలో మహేంద్రగిరిని దినదినము చూచువారున్నారు. ఆ గిరి 1501 మీటర్ల ఎత్తున మేఘములు చుట్టుకొని కూర్చుండును. అది త్రికోణము కాదు. అయినను వారును త్రికోణమునే వ్రాయుదురు. ఎదుటి కొండను చూడకుండ చేయు చదువు ఏమి చదువు? ఒకనాడు మేము పిల్లలను బయటికి తీసికొనిపోయి, "కొండను చూచుచు వ్రాయుడు, కాగితమును చూడవలదు" అంటిమి. గీతలు వంకరటింకరగా వచ్చినవి. ముప్పది కొండలు ముప్పది విధములుగ వచ్చినవి. ఏ రెండును ఒకటి కాలేదు.

తల్లిదండ్రులకొక మాట. "బొమ్మలు అన్నము పెట్టునా?" అని మీరడుగుదురు. అడుగుట న్యాయమే. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు (1897–1925) ఇరువదియెనిమిదేండ్లే జీవించియు ఆంధ్ర చిత్రకళకు వెలుగు తెచ్చిరి. బాల్యమున వారి ప్రజ్ఞను కనిపెట్టి బొంబాయి చిత్రకళాశాలకు పంపినవాడు అచ్చటి కళాశాల అధ్యక్షుడు కూల్డ్రే దొర. అట్టి గురువు ఒక్కడు చాలడా యని మేమన్నచో వినుటకు బాగుండును. కాని మేమా మాట చెప్పబోము. మీ బిడ్డలందరును దామెర్లవారు కారు, కానక్కరలేదు. పద్యము నేర్చిన వారందరును కవులైరా? పద్యము నేర్పుట చెవికొరకు; బొమ్మ నేర్పుట కంటికొరకు. కన్ను గలవాడు మన్ను పిసికినను, బట్ట నేసినను, యంత్రము నడిపినను, రోగిని చూచినను, కన్ను లేనివానికంటె మేలుగా చేయును.

మేము పైన చెప్పిన బాలిక చిత్రకారిణి కాలేదు. పదవ తరగతి వరకు చదివెను, పెండ్లియై వెడలిపోయెను. ఆ పిదప ఆమె బొమ్మ లేవైన వ్రాసెనో లేదో మాకు తెలియదు. ఆమె వ్రాసిన మొదటి ఆవము మావద్ద లేదు. అది తడిగుడ్డలో పోయినది. దానియందు కుండలెన్ని యుండెనో గూడ లెక్కింపలేదు. ఆమె లెక్కించియే వ్రాసియుండునని ఇప్పుడు మాకు నమ్మకము.

ఈ సంచిక చదువు విద్యార్థులారా! మీరు ఉన్నత పాఠశాలకు వచ్చినవారు. మీలో చాలమంది "నాకు బొమ్మలు రావు" అందురు. అది మా తరమువారు మీకిచ్చిన మాట గాని మీ మాట కాదు. అయినను మీ యింట తమ్ముడో చెల్లెలో ఉండవచ్చును. వారు సున్నపు గోడపై బొగ్గుతో గీసినపుడు అమ్మ కోపపడకముందే మీరు ప్రక్కన కూర్చుండి, "దీని సంగతి చెప్పు" మని యడుగుడు. వారు చెప్పినది ఓపికగా వినుడు. గోడకు మరల సున్నము వేయవచ్చును.